మస్తాన్ మాటు, నా మాట

1963వ సంవత్సరం. నెల్లూరు జిల్లాలో ప్రభుత్వ ప్రచార వ్యాను మీద నేను సినిమా ఆపరేటర్‌ని. ఆపరేటరంటే మిషను తిప్పేవాడే అనుకుంటారు చాలామంది. మా వ్యానులో డ్రైవరు పని తప్ప మిగతావన్నీ నావే. జనరేటర్ ఆడించేది నేను, తెర కట్టేది నేను, రీలు ఎక్కించేది నేను, మైకు పట్టుకుని బొమ్మకు మాట చెప్పేదీ నేనే. ఈ చివరి పని ఇప్పటివాళ్ళకు తెలియదు కనుక కాస్త వివరంగా చెబుతాను.

మాకొచ్చే డాక్యుమెంటరీలు, అంటే కథ లేని సమాచార చిత్రాలు, చాలావరకు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండేవి. ఆ శబ్దం తగ్గించేసి, తెర పక్కన నిలబడి, తెలుగులో మనమే చెప్పుకుపోవాలి. దీన్ని రన్నింగ్ కామెంటరీ అనేవాళ్ళం. రీలు డబ్బాతో పాటు టైపు చేసిన కాగితాలు వచ్చేవి. వాటిని కామెంటరీ షీట్ అంటారు. అందులో ఉన్నది ఉన్నట్టు చదివితే జనం లేచిపోతారు. ఎరువుల బొమ్మకైనా, మశూచి టీకాల బొమ్మకైనా కాస్త ఉప్పూ కారం చల్లాలి. ఆ చల్లడంలో నాకు పేరుండేది. బుచ్చిరెడ్డిపాలెంలో ఒకసారి దోమల మందు బొమ్మకు ఈలలు వేయించాను. ఆ పేరు నా నెత్తికెక్కిందని ఒప్పుకోవడానికి ఈ వయసులో నాకు సిగ్గేమీ లేదు.

అంతకు రెండేళ్ళ ముందు మనిషి మొదటిసారి అంతరిక్షంలోకి పోయి, భూమిని చుట్టి, ప్రాణాలతో తిరిగొచ్చాడు. ఆ సంగతి మీద ఒక రీలు 62 చివర్లో మా ఆఫీసుకు వచ్చింది. గాలీ నీళ్ళూ లేని చోట మనిషి ఎలా బతుకుతాడన్నదే అందులో విషయం. మనిషిని ఒక ఇనుప గదిలో పెట్టి రోజుల తరబడి ఒంటరిగా ఉంచడం, గిరగిర తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి ఓర్పు చూడటం, గొట్టంలోంచి పిండుకుని తినే తిండి, వదిలేసినా కింద పడకుండా తేలే పెన్సిలు, అన్నీ ఉన్నాయి. శ్రీహరికోట అంటే ఇప్పుడు రాకెట్లు గుర్తుకొస్తాయి గానీ, అప్పట్లో అక్కడి నుంచి పడవల మీద కట్టెలు వచ్చేవి, అంతే. ఆ కట్టెల పడవల వాళ్ళు కూడా ఒక సాయంత్రం మా తెర ముందు కూర్చుని నోరు తెరుచుకుని చూశారు.

ఆట అయిపోయాక ప్రశ్నలు కురిసేవి.

“ఏం సార్, ఆయనకి అర్జెంటుగా చెంబు పట్టుకోవాల్సొస్తే యాడికి పోతాడు?”

“ఆడ పొద్దుగూకదా? మరి నిద్దరెట్ట పోతాడు?”

అన్నిటికీ నా దగ్గర జవాబు ఉండేది. తెలిసినవాటికి తెలిసిన జవాబు, తెలియనివాటికి తమాషా జవాబు.

ఆ షీటులో ఒక పేరా ఉంది. మనిషి వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుందనీ, మూసిన గదిలో అది పేరుకుంటే మనిషికి ప్రాణాంతకమనీ, అందుకే దాన్ని ఎప్పటికప్పుడు పీల్చేసే రసాయనం లోపల అమర్చారనీ దాని సారాంశం. నేను చదువుకున్న స్కూలు పుస్తకంలో ఆ వాయువు పేరు బొగ్గుపులుసు గాలి. విడవలూరులో మొదటి ఆట రోజు ఆ పేరే చెప్పాను.

ముందు వరసలోంచి ఒకడు, “ఏం పులుసు సార్? బొగ్గుల పులుసా?” అన్నాడు.

ఇంకొకడు అందుకున్నాడు. “చేపలెయ్యకుండా పులుసేంది సార్!”

నెల్లూరు వాళ్ళ ముందు పులుసు పేరెత్తితే ఇంకేముంది! ఆ నవ్వుల్లో తరువాతి బొమ్మంతా కొట్టుకుపోయింది. జనం నా మాటకు నవ్వితే నాకు పండగ, నన్ను చూసి నవ్వితే ఒళ్ళు మంట. మర్నాడు పొద్దున్నే ఆ పేరాను పెన్సిలుతో అడ్డంగా కొట్టేశాను. దాని బదులు సొంతంగా ఒకటి తయారు చేసుకున్నాను.

“చూడండి బాబూ, గాలి లేని చోటికి పోతూ ఈ మహానుభావుడు తన గాలిని తానే మూటగట్టుకుని పోతున్నాడు! సూది బెజ్జమంత సందు లేకుండా మూసేశారు. బెజ్జం పడిందా, ప్రాణం పోయిందే!”

దీనికి ప్రతి ఊళ్ళోనూ చప్పట్లు పడ్డాయి.

జనవరి నెలాఖరులో చిట్టమూరు దాటాక ఒక పల్లెలో ఆట వేశాం. మర్నాడు ఉదయం వ్యాను పక్కన రీలు వెనక్కి చుట్టుకుంటూ ఉంటే ఒకాయన వచ్చి నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి, పల్చటి గడ్డం, వేళ్ళ నిండా కాలిన మచ్చలు. పేరు మస్తాన్ సాయిబు. రేకుల పని. కిరసనాయిలు డబ్బాలు కోసి గరాటులూ పెట్టెలూ చేస్తాడు, చిల్లులు పడ్డ బిందెలకు టంకం పోసి మాటు వేస్తాడు. ఆయన మాటు వేసిన బిందె మళ్ళీ కారదని చుట్టుపక్కల పేరని తరువాత తెలిసింది.

“సార్, నిన్న బొమ్మలో ఆయన నెత్తికి పెట్టుకునే బుర్ర ఉండాది గదా. అది మెడకాడ ఎట్ట అతికినారు?” అని అడిగాడు.

అంతవరకు అలాంటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నాకు ముచ్చటేసింది. ఫిల్ము ముక్కను ఎండకు పెట్టి, భూతద్దం ఇచ్చి చూపించాను. చాలాసేపు చూశాడు. బీడీ కట్ట కాగితం మీద మెడ దగ్గరి చుట్టును గీసుకున్నాడు. ఎందుకయ్యా ఇదంతా అంటే అప్పుడు చెప్పాడు.

“గౌసని నా తమ్ముడు సార్. బావుల్లో పూడిక తీసే పని. పోయిన ఎండాకాలం వెంకురెడ్డిగారి కపిల బావిలో దిగినాడు. మళ్ళా ఎక్కలా. గాలి సోకిందన్నారు, బావిలో దెయ్యముందన్నారు. దెయ్యం కాద్సార్, చెడ్డ గాలి. లాంతరు దించితే సగంలో ఆరిపోతా ఉండాది. దీపం బతకని చోట మనిషెట్ట బతుకుతాడు? గౌసుకీ తెలుసు ఆ సంగతి. భయపడినాడంటారని దిగినాడు.”

ఆయన గొంతు ఎక్కడా తడబడలేదు.

“ఏం గాలీ లేని ఆకాశానికి పోయి ఆయన తిరిగొచ్చినాడు. ఆరు నిలువుల బావిలోకి పోయి మనం తిరిగి రాలేమా? మా బామ్మర్ది కాశిం కూడా అదే పనిలో ఉండాడు సార్. మా ఇంటికి ఇంకో శవం, ఇంకో మయ్యిత్తు రాకూడదు. మీరు చెప్పినారే, సూది బెజ్జం కూడా లేకుండా అని. ఆ పని నాకొచ్చు.”

తరువాత ఆయన అడిగిన ప్రశ్నను ఇన్నేళ్ళయినా నేను మరవలేదు.

“ఒక్క మాట సార్. లోపల గాలి పోసి మూసేసినాక, ఆయన వదిలిన ఊపిరి యాడికి పోద్ది?”

సరిగ్గా ఆ పేరా. రేకులు కొట్టుకునే మనిషి, బడి మొహం చూడని మనిషి, ఇంజనీర్లు తలలు బద్దలు కొట్టుకున్న చోటికి తిన్నగా వచ్చి నిలబడ్డాడు. షీటు నా చొక్కా జేబులోనే ఉంది. తీసి చదివి చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు. కానీ మళ్ళీ ఆ పులుసు మాట ఎత్తాలి, అదేమిటంటే వివరించాలి, ఆ రసాయనం ఏమిటని అడిగితే నాకు తెలియదు. ‘సినిమా సారు’కు తెలియదనడమా? పైగా డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

“అది ఆ గాలిలోనే కలిసిపోతుంది సాయిబూ. ఎంత ఎక్కువ గాలి పట్టుకుపోతే అంతసేపు ఉండొచ్చు, అంతే” అన్నాను.

ఆయన ఆ బీడీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “అయితే గాలి ఎక్కువ పట్టేటట్టు చెయ్యాల” అన్నాడు. దండం పెట్టి వెళ్ళిపోయాడు.

మే నెల మొదట్లో నెల్లూరు ఆఫీసుకు నా పేర కార్డు వచ్చింది. ఎవరిచేతనో రాయించాడు. ‘మీరు చెప్పినట్టే చేసినాను. శుక్రవారం జుమ్మా నమాజు అయినాక బావిలో దిగుతాను. మీరు వచ్చి చూడవలసింది.’ మా ఆఫీసులో ఆ కార్డును అందరికీ చూపించాను. నా కామెంటరీ విని ఒకడు అంతరిక్ష కవచం తయారు చేశాడోయ్ అని. శుక్రవారం సెలవు పెట్టి బస్సెక్కాను.

వెంకురెడ్డి ఆ ఊరి గ్రామ మునసబు. ఆయన వరి కయ్య ఊరిని ఆనుకుని ఉంటే, ఎద్దులతో నీళ్ళు తోడే ఈ కపిల బావి మెట్ట మీద ఉంది. గౌసు పోయినప్పటి నుంచి అందులో ఎవరూ దిగలేదు. ఎండుటాకులు పడి కుళ్ళుతున్నాయి. ఆ వేసవి తాగునీళ్ళకే కటకటగా ఉండటంతో బాగు చేయించక తప్పని స్థితి. నేను పోయేసరికి గట్టు మీద పాతికమంది చేరారు.

మస్తాన్ తన పనితనం నాకు చూపించాడు. నిజంగా పనితనమే. కిరసనాయిలు డబ్బా ఒకటి నెత్తికి. ముందువైపు పటం అద్దం కోసి, చుట్టూ లక్కతో బిగించాడు. వెనక వీపు మీద ఇంకో రెండు డబ్బాలు, గాలి ‘ఎక్కువ పట్టేందుకు’. మూడింటినీ కలుపుతూ రేకు గొట్టాలు. మెడ దగ్గర లారీ ట్యూబు రబ్బరు, దాని మీద సైకిలు ట్యూబు నాలుగు చుట్లు. మాట్లు వేలితో తడిమితే ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియదు.

“నీళ్ళలో ముంచి చూసినా సార్. ఒక్క బుడగ రాలా.”

“తగిలించుకుని చూశావా?”

“ఇంట్లో కూసోని ఒక బీడీ కాల్చినంతసేపు ఉండినా. తలకాయ కొంచెం దిమ్మెక్కినట్టుండింది. వేడి గదా. అద్దానికి చెమట పడతా ఉండాది, దానికి లోపల సబ్బు పూసినా.”

తల దిమ్మెక్కడం, అద్దానికి ఆవిరి. లోపలి ఊపిరికి దారి లేదని ఆ రెండూ మొత్తుకుంటున్నాయి. నేను విన్నాను, తల ఊపాను, “బాగా చేశావు సాయిబూ” అన్నాను.

మస్తాన్ బామ్మర్ది కాశిం లాంతరు దించాడు. పాతికేళ్ళవాడు, కుర్రతనం ఇంకా పోని మనిషి. సగం లోతులో దీపం రెపరెపలాడి ఆరిపోయింది. గట్టు మీద ఎవరో “యా అల్లా” అన్నారు. మస్తాన్ ఆ ఆరిన లాంతరు వైపు పగవాణ్ణి చూసినట్టు చూశాడు. చంకల కింద మోకు కట్టించుకున్నాడు. ఒకసారి లాగితే బాగున్నట్టు, రెండుసార్లు లాగితే పైకి చేదమన్నట్టు. డబ్బా నెత్తిన పెట్టుకున్నాక కాశిం ట్యూబు బిగించి కట్టాడు. అద్దంలోంచి ఆయన నా వైపు చూసి నవ్వాడు.

అడుగు చేరాడు. మోకు ఒకసారి కదిలింది. గట్టు మీద కేకలు, ఈలలు. గౌసు చచ్చిన చోట ఆయన నిలబడి ఉన్నాడు, బతికి ఉన్నాడు. పార తీసుకుని బురద ఎత్తడం మొదలుపెట్టాడు. ఒక బొచ్చె నిండింది. రెండోది కూడా నిండింది. నాకు ఛాతీ పొంగింది, అబద్ధం చెప్పను.

ఇంట్లో ఊరికే కూర్చున్న మనిషి ఊపిరి వేరు, పార వేసే మనిషి ఊపిరి వేరు. రొప్పుతూ పని చేసేవాడికి అయిదింతలు గాలి కావాలి, అయిదింతలు చెడ్డ ఊపిరి వదులుతాడు. మూడో బొచ్చెకు పార వేసి ఆగిపోయాడు. పార వదిలేశాడు. రెండు చేతులూ మెడ దగ్గరికి పోయాయి. ఆ ట్యూబును గీరుతున్నాడు.

“తియ్యొద్దు సాయిబూ, తియ్యొద్దు!” అని అరిచాను. తీస్తే బావిలో గాలి చంపుతుంది. తియ్యకపోతే ఏమవుతుందో నాకు అప్పుడు, ఆ గట్టు మీద, ఒక్కసారిగా తెలిసింది.

“చేదండి! చేదండి!”

మోకు పట్టి లాగారు. గోడలో పొడుచుకొచ్చిన రాతికి వీపు డబ్బా తగులుకుంది. కిందికి వదిలి, మళ్ళీ లాగారు. పైకొచ్చేసరికి మనిషి వేలాడుతున్నాడు. అద్దం నిండా ఆవిరి, లోపల మొహం కనబడలేదు. కాశిం వేసిన ముడి వాడికే ఊడలేదు. కొడవలితో రబ్బరు కోశారు. డబ్బా తీసేసరికి పెదవులు నేరేడు పండు రంగులో ఉన్నాయి. గుండె మీద నొక్కారు, నీళ్ళు చల్లారు, మొహాన గుడ్డతో విసిరారు. బయట ఎంత గాలి! ఉప్పు వాసనతో సముద్రపు గాలి ఈడ్చి కొడుతోంది. అందులో ఒక్క గుక్క కూడా ఆయన లోపలికి పోలేదు.

ట్యూబు కోసేదాకా డబ్బా ఊడలేదు, ఎక్కడా పగల్లేదు. అంటే బావిలోని గాలి ఆయన్ను ముట్టుకోనైనా లేదు. తాను వదిలిన ఊపిరే మళ్ళీ మళ్ళీ పీల్చి చనిపోయాడు. ఆ సంగతి గట్టు మీద ఉన్న పాతికమందిలో నాకొక్కడికే తెలుసు.

వెంకురెడ్డి రిపోర్టు రాయాలి. ఆయన కాగితం నా ముందుకు తోశాడు. “సార్, మీరు చదువుకున్నోరు. కాస్త మీరు రాయండి, నేను దస్తకత్తు చేస్తా” అన్నాడు. రాశాను. ‘బావిలోని విషవాయువు సోకి మరణించినాడు’ అని నా దస్తూరీతో రాశాను. పెన్నులో సిరా అయిపోలేదు, చెయ్యి పడిపోలేదు. చక్కగా రాశాను.

నెల్లూరు పోయాక షీటు తీసి పెన్సిలు గీత కింద ఉన్న పేరా మొదటిసారి పూర్తిగా చదివాను. కావలసినంత గాలి ఉన్నా సరే, వదిలిన గాలిని తొలగించకపోతే మూసిన గదిలో మనిషి నిలవడు అని అందులో స్పష్టంగా ఉంది. పట్టుకుపోయిన గాలి గొప్ప అందులో సగమే, వదిలిన ఊపిరిని తీసేసే డబ్బా గొప్ప మిగతా సగం. ఎవరో మహానుభావుడు అంతా విడమరిచి రాసి పంపాడు. నలుగురూ నన్ను చూసి నవ్వారని నేను అందులో సగం ప్రాణం కోసేశాను.

మూడోనాడు, పోయినవాళ్ళ కోసం చదివే ఫాతిహాకు పోయాను. పోకుండా ఉండలేకపోయాను. మస్తాన్ ఇంటి ముందర గంగాళంలో నీళ్ళు పోసి, కాశిం ఆ డబ్బాను ముంచి పట్టుకుని ఉన్నాడు. చుట్టూ నలుగురు.

“ఊళ్ళో అంతా మా బావ మాటు ఊడిపోయిందంటా ఉండారు సార్. ఇంత పేరుండినోడు, ఆఖరికి తనకేసుకున్న మాటే నిలవలా అని. చూడండి, ఒక్క బుడగన్నా వస్తా ఉండాదా? మాట్లు గట్టిగానే ఉండాయి. మెడకాడ రబ్బరు సందులో దూరింది బావి గాలి. నేను కట్టిన కట్టే లూజయింది. తోలు పట్టీ కుట్టిస్తా ఉండా. రేపు నేను దిగతా. దిగి, ఆ మూడో బొచ్చె నింపుకోని వస్తా.”

విషవాయువు సోకిందని నేను రాసిన రిపోర్టును ఊరంతా నమ్మింది. నమ్మింది కాబట్టి ఈ కుర్రవాడు ఇంకా గట్టిగా బిగించుకుని దిగబోతున్నాడు. ఇంకా గట్టిగా బిగిస్తే ఇంకా నిశ్చయంగా చస్తాడు. నా ముందు రెండే దారులున్నాయి. నోరు మూసుకుని బస్సెక్కడం ఒకటి. రెండోది మీకు చెప్పనక్కరలేదు.

“కాశిం, దిగొద్దు” అన్నాను. “రబ్బరులో సందు లేదు. నువ్వు కట్టిన కట్టు లూజు కాలేదు. బావి గాలి లోపలికి పోలేదు.”

“మరెట్ట చచ్చిపోయినాడు?”

చెప్పాను. మనం వదిలే ఊపిరిలో విషం ఉంటుందని, బయట ఉంటే అది గాలికి కొట్టుకుపోతుందని, మూసిన డబ్బాలో ఎక్కడికీ పోలేదని. ఆకాశానికి పోయిన మనిషి గదిలో దాన్ని పీల్చే మందు పెట్టారని, ఆ సంగతి బొమ్మలో ఉందని, నేను చెప్పలేదని. మీ బావ నన్ను సూటిగా అడిగాడని, అడిగితే తప్పు చెప్పానని. షీటు తీసి, కొట్టేసిన పేరా చూపించాను. కాశిం చదవలేడు. ఆ పెన్సిలు గీతను మాత్రం వేలితో తాకాడు.

ఎవరో నా మీదికి వచ్చారు. ఎవరో ఆపారు. కాశిం లేవలేదు. డబ్బాను నీళ్ళలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

తలుపుకు కట్టిన దుప్పటి వెనక నుంచి ఆడగొంతు వినిపించింది. మస్తాన్ భార్య ఖాదర్‌బీ. నేను ఆమె మొహం అప్పుడూ చూడలేదు, తరువాతా చూడలేదు.

“ఆయన అడిగిన పొద్దు మీకు ఆ సంగతి తెలిసుండీ చెప్పలేదా, తెలియక చెప్పలేదా?”

తెలియక అంటే బతికిపోతాను. నోటిదాకా వచ్చింది.

“సగం తెలుసమ్మా. మిగతా సగం జేబులోనే ఉండింది. తీసి చూడలేదు.”

మళ్ళీ ఆమే అంది.

“నాకూ మాటు వెయ్యను వచ్చు. ఆయన పక్కన కూసోని నేర్చుకున్నా. ఇద్దత్తు నాలుగు నెలల పది దినాలు గడప దాటకూడదు, అది అయిపోయినాక కొలిమి నేనే పెట్టుకోవాల. ఆయన మాటు ఊడి చచ్చిపోయినాడంటే ఈ ఇంటికి బిందె ఎవురు తెస్తారు? ఆ రిపోర్టు మార్చి రాయండి. ఆయన పనిలో తప్పు లేదని రాయండి. తప్పెవురిదో అదీ రాయండి.”

వెంకురెడ్డి ఇంటికి పోయి అడిగాను. ఆయన మంచివాడే. “ఎందుకు సార్ లేని తద్దినం? పోయినోడు తిరిగొస్తాడా? మీ ఉద్యోగం పోద్ది” అన్నాడు. పోతే పోనీ అనేంత ధైర్యం నాకు లేదు, అయినా రాశాను. మృతుడు చేసిన పనిముట్టులో లోపం లేదనీ, దాన్ని గురించి నేనిచ్చిన తప్పుడు సమాచారమే అతని మరణానికి కారణమనీ. కింద నా పేరు, హోదా, సంతకం. ఆ కాగితాన్ని ఆయన మసీదు ముందు, రచ్చ దగ్గర చదివి వినిపించాడు. వింటూ నేను అక్కడే నిలబడ్డాను. కాశిం బావిలో దిగలేదు. ఆ తరువాత కూలి మార్చుకుని పడవల పనికి పోయాడని విన్నాను.

ఉద్యోగం పోలేదు. ఒక మెమో వచ్చింది, ఇంక్రిమెంటు ఆగింది. ఆ రీలును తరువాత మూడేళ్ళు తిప్పాను. ఈ రోజుల్లో మనుషులు నెలల తరబడి అంతరిక్షంలో కాపురాలు చేస్తున్నారని పేపర్లో చదివినప్పుడల్లా మనవలు నన్నడుగుతుంటారు, అంత ఎత్తున భయం వెయ్యదా తాతా అని. వాళ్ళు వదిలిన ఊపిరి ఏమవుతోందో చూసేవాళ్ళు కింద ఉంటారు, వాళ్ళు నాలాంటివాళ్ళు కాదులే అంటాను.

వృత్తిలో నేర్చుకున్నదేమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పేది చిన్నదే. అవతలివాడికి అర్థం కాదని మనం మింగేసే మాట చాలాసార్లు మనకే అర్థం కాని మాట. ఆ రోజు వ్యాను పక్కన నేను ‘నాకు తెలియదు సాయిబూ’ అని ఉంటే చాలు. మస్తాన్ గూడూరు పోయి ఏ హైస్కూలు మాస్టర్నో పట్టుకునేవాడు. అక్కడ తెలియకపోతే నెల్లూరు వచ్చేవాడు. ఆయన అడిగే మనిషి.